కావలి డాబా మీద కంప్యూటర్ టెలిస్కోపు: చుక్కలు కుదరనప్పుడు చూసుకోవలసినవి

ఈ టెలిస్కోపును నేను గత కార్తీక మాసంలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అద్దం వ్యాసం 130 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 650 మిల్లీమీటర్లు. గొట్టాన్ని ఒక పక్క నుంచి పట్టుకునే ఒంటిచేతి మౌంటు, అందులో రెండు మోటార్లు, తీగకు వేలాడే రిమోటు, ఆ రిమోటులో వేలకొద్దీ నక్షత్రాల, నీహారికల జాబితా, కన్ను ఆనించి చూసే 25, 9 మిల్లీమీటర్ల ఐపీసులు రెండు, ఎర్రచుక్కతో గురి చూసే ఫైండరు, ట్రైపాడు పెట్టెలో ఉన్నాయి. అరవై వేలకు కొంచెం తక్కువ పడింది. ఏ కంపెనీదైనా ఈ తరగతి పరికరాలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కనుక, పేరు గురించి కాక ఆ పద్ధతి గురించి రాయడమే కొనదలచినవారికి ఉపయోగమని నా అభిప్రాయం.

నా తీర్పు ముందే చెబుతాను. అద్దం బాగుంది, మోటార్లు బాగున్నాయి, వెంట వచ్చిన పుస్తకం మాత్రం మన ఆకాశాన్ని దృష్టిలో పెట్టుకొని రాసింది కాదు. ఈ మూడో సంగతి తెలియక నేను చాలా రోజులు యంత్రాన్నే అనుమానించాను. అమ్మినవారి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, నేను చెప్పింది పూర్తిగా వినకుండానే లోపలి బోర్డు పోయి ఉంటుందని, పెట్టె కట్టి వెనక్కి పంపమని చెప్పారు. పంపి ఉంటే ఒక మంచి పరికరాన్ని పోగొట్టుకొని ఉండేవాణ్ణి. బోర్డుకు ఏమీ కాలేదు. తప్పంతా దానికి అందించిన సమాచారంలో ఉంది, ఆ తప్పులు ఒకటి కాదు, నాలుగైదు. అవి ఒకదాని వెనుక ఒకటి దాక్కొని ఉండటం వల్ల, ఒకటి సరిచేసినా ఫలితం కనిపించక మరింత అయోమయం కలిగింది.

కొనే కాలం గురించి ఒక మాట. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరానికి ఈశాన్య రుతుపవనాలే ప్రధానం కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులే ఎక్కువ. కార్తీకంలో కొన్న నాకు నెలన్నర పాటు వరుసగా రెండు రాత్రులు తెరిపి దొరకలేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం నిర్మలంగా ఉంటుంది కనుక సంక్రాంతికి కాస్త ముందు కొనడం మంచిది. లోపం ఏమైనా ఉంటే వాపసు గడువు ముగిసేలోగా తేల్చుకునే వీలు కూడా అప్పుడే ఉంటుంది.

అలైన్‌మెంట్ అంటే ఏమిటో ముందు స్పష్టంగా తెలుసుకోవాలి. స్విచ్ వేసిన క్షణంలో ఈ యంత్రానికి తాను ఏ దిక్కుకు తిరిగి ఉన్నదీ తెలియదు. మనం ఊరు, తేదీ, సమయం చెబితే ఆ వేళకు ఆకాశంలో ఏ చుక్క ఎక్కడ ఉండాలో లెక్క కట్టుకుంటుంది. ఆ తరువాత రెండు చుక్కలను మనం స్వయంగా ఐపీసు నడిమధ్యకు తెచ్చి, ఇది ఫలానాది, ఇది ఫలానాది అని చెప్పాలి. పొలం కొలిచే సర్వేయరు రెండు హద్దురాళ్ళు దొరికితే తప్ప గొలుసు వేయలేడు. అందులో ఒక రాయి పొరపాటున పక్కవాడిదైతే కొలత ఎంత శ్రద్ధగా చేసినా హద్దు పక్క పొలంలోకి పోతుంది. ఇక్కడ ఆ రెండు చుక్కలే హద్దురాళ్ళు.

నా మొదటి తప్పు తేదీలో జరిగింది. 2026 జనవరి 10న గురుగ్రహం సరిగ్గా సూర్యుడికి ఎదురుగా వచ్చింది. అంటే సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున ఉదయించి, రాత్రంతా ఆకాశంలో ఉండి, భూమికి దగ్గరగా ఉన్నందువల్ల పెద్దగా కనిపించే రోజు అది. ఆ సాయంత్రం ఎనిమిది గంటలకు డాబా మీద టెలిస్కోపు నిలబెట్టి తేదీ అడిగినచోట 10, 01, 26 అని నొక్కాను. యంత్రం అమెరికా వాడుక ప్రకారం నెలను ముందు తీసుకుంటుంది కనుక దాన్ని అక్టోబరు 1గా అర్థం చేసుకుంది. అలైన్‌మెంట్ కోసం నాకు చూపిన మొదటి పేరు వేగా, రెండోది ఆల్టెయిర్. వేగా అంటే మన అభిజిత్తు, ఆల్టెయిర్ అంటే శ్రవణం. జనవరిలో ఆ వేళకు రెండూ అస్తమించి ఉంటాయి. గొట్టం తిరిగి తిరిగి పడమటి వైపు పక్కింటి గోడకేసి ఆగింది. అప్పుడు నాకు చుక్కల పేర్లు తెలియవు కాబట్టి మోటారు చెడిందనుకున్నాను. ఈ రోజున అయితే ఆ రెండు పేర్లు చదవగానే తేదీ తప్పని తెలిసిపోతుంది. యంత్రం సూచించే మొదటి చుక్క ఆ వేళ ఆకాశంలో ఉందో లేదో చూసుకోవడం ఒక్కటే అన్ని పరీక్షల్లోకీ సులువైనది. 12వ తేదీ తరువాత ఈ పొరపాటు జరగదు, ఎందుకంటే పదమూడో నెల లేదు గనుక యంత్రమే ఒప్పుకోదు. అందుకే కొన్నాళ్ళు పనిచేసి కొన్నాళ్ళు మొరాయిస్తున్నట్లు అనిపిస్తుంది.

తేదీ తరువాత కాలమండలం. మన గడియారం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. ఈ అర గంట దగ్గరే చాలామంది పొరబడతారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక 5 అని మాత్రమే ఇస్తే యంత్రం లెక్కకూ అసలు ఆకాశానికీ ఏడున్నర డిగ్రీల తేడా వస్తుంది. 25 మిల్లీమీటర్ల ఐపీసులో మనకు కనిపించే ఆకాశం రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ. అంటే చూడవలసిన చుక్క దాదాపు నాలుగు ఐపీసుల దూరంలో ఉండిపోతుంది. అర గంట ఇవ్వడానికి రిమోటులో దారి దొరకనివారు కాలమండలం సున్నా అని ఇచ్చి, చేతి గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి ఆ సమయం నమోదు చేస్తే సరిపోతుంది. రాత్రి 8 గంటలైతే 14 గంటల 30 నిమిషాలు. తెల్లవారుజామున ఐదున్నర లోపల చూసేవారు తేదీని కూడా ఒక రోజు వెనక్కి వేయాలని మరచిపోకూడదు. వేసవి సమయం అని మరొక ప్రశ్న వస్తుంది. మన దేశంలో అది లేదు. ఎండలు మండుతున్నాయి కదా అని మే నెలలో దాన్ని ఎంచుకుంటే గంట తేడా వచ్చి 15 డిగ్రీలు పోతుంది.

ఊరి వివరాల్లో కావలి అక్షాంశం 14 డిగ్రీల 55 నిమిషాలు ఉత్తరం, రేఖాంశం 79 డిగ్రీల 59 నిమిషాలు తూర్పు. నెల్లూరు వారు 14 డిగ్రీల 26 నిమిషాలు, ఒంగోలు వారు 15 డిగ్రీల 30 నిమిషాలు ఇచ్చుకోవచ్చు. రేఖాంశం మూడు ఊళ్ళకూ ఇంచుమించు 80 డిగ్రీలే. ఫోన్‌లో మ్యాపు చూపే దశాంశాలను అలాగే ఎక్కించకూడదు. 14.91 అంటే 14 డిగ్రీల 91 నిమిషాలు కాదు, 0.91ని అరవైతో గుణిస్తే వచ్చే 55 నిమిషాలు. ఈ చిన్న తేడాల వల్ల పెద్ద నష్టం ఉండదు. మన ఊరు జాబితాలో లేదని చెన్నైని ఎంచుకున్నా పని జరుగుతుంది. పెద్ద నష్టం తూర్పు, పడమరల దగ్గర ఉంది. రేఖాంశం ఎదుట పడమర అనే మాట ముందుగానే వేసి ఉంటే దాన్ని తూర్పుగా మార్చాలి. మార్చకపోతే యంత్రం తాను కరీబియన్ సముద్రం నడుమ ఉన్నాననుకుంటుంది, లెక్క పది గంటల నలభై నిమిషాలు తప్పుతుంది.

ఇంకొక తేదీ తప్పు మరీ సూక్ష్మమైనది. జనవరి చివర ఒక రాత్రి చూస్తూ చూస్తూ పన్నెండు దాటింది. కరెంటు తీగ ఊడి యంత్రం ఆగిపోతే మళ్ళీ ఆన్ చేసి, సమయం కొత్తదే ఇచ్చాను గాని తేదీ పాతదే ఇచ్చాను. ఏ నక్షత్రాన్ని అడిగినా చక్కగా చూపింది. చంద్రుణ్ణి చూపమంటే చంద్రుడికి చాలా దూరంగా ఖాళీ ఆకాశం వైపు తిరిగింది. ఒక రోజు తేడాతో నక్షత్రాల స్థానం ఒక డిగ్రీయే మారుతుంది, ఆ డిగ్రీని అలైన్‌మెంట్ సర్దేస్తుంది. చంద్రుడు మాత్రం రోజుకు సుమారు 13 డిగ్రీలు, అంటే ఒక నక్షత్రం మేర జరుగుతాడు. పంచాంగంలో రోజుకొక నక్షత్రం మారేది అందుకే. కాబట్టి చుక్కలన్నీ దొరికి చంద్రుడు ఒక్కడే దొరకనప్పుడు మౌంటును వదిలేసి తేదీని చూడాలి.

మన ఇళ్ళ మీద నిలబెట్టుకోవడం గురించి చెప్పాలి. డాబాకు వాననీరు పోవడానికి మేస్త్రీలు వాటం ఇస్తారు. నడుస్తున్నప్పుడు అది మనకు తెలియదు, ట్రైపాడుకు తెలుస్తుంది. మూడు కాళ్ళూ ఒకే పొడవుకు లాగి పెడితే మౌంటు నీళ్ళు పోయే తూము వైపు ఒరిగి ఉంటుంది. మేస్త్రీల రసమట్టం మౌంటు పీఠం మీద పెట్టి కాళ్ళు సర్దుకోవాలి. రెండు చుక్కలు సరిగ్గా కుదిరాక ఈ ఒరుగు వల్ల గురి చెడదు గాని, మొదటి చుక్క వైపు యంత్రం తనంతట తాను తిరిగేటప్పుడు దగ్గరకు రాదు. కొత్తవారికి ఆ దగ్గరతనమే ధైర్యం. ఎర్రచుక్క ఫైండరును పగలే సరిచేసుకోవడం మేలు. నేను మా వీధికి చాలా దూరాన ఉన్న సెల్ టవరు కొనను ఐపీసు మధ్యకు తెచ్చి, ఎర్రచుక్క కూడా ఆ కొన మీదే పడేలా మరలు తిప్పాను. సూర్యుడు ఉన్న వైపు మాత్రం గొట్టాన్ని ఎన్నడూ తిప్పరాదు. పిల్లలున్న ఇంట్లో పగటిపూట ఈ పని చేసేటప్పుడు పెద్దవారు పక్కనుంచి కదలకూడదు.

కరెంటు విషయంలో నాకు కంపెనీ మీద నిజమైన ఫిర్యాదే ఉంది. ఎనిమిది పెన్సిల్ సెల్లతో నడుస్తుందని పెట్టె మీద ముద్రించి అమ్మడం సరికాదు. కొత్త సెల్లు వేసినా మోటార్లు రెండూ వేగంగా తిరిగే క్షణంలో ఓల్టేజి పడిపోయి, రిమోటు వెలుగు ఒకసారి మసకబారి, యంత్రం మొదటికి వస్తుంది. అప్పటిదాకా చేసిన అలైన్‌మెంట్ అంతా పోతుంది. ఇంకా ఘోరమేమిటంటే, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోకుండా తప్పుడు దిక్కుకు ఆగకుండా తిరుగుతుంది. బోర్డు పోయిందని హెల్ప్‌లైన్ వారు అన్నది ఈ లక్షణం విని. నెల్లూరు ట్రంకు రోడ్డులో యూపీఎస్‌లలో వేసే 12 ఓల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి కొని, నడిమి పిన్ను ప్లస్సు అయ్యేలా ప్లగ్గు కట్టించి, మధ్యలో ఒక ఫ్యూజు వేయించాను. ఆ రోజు నుంచి ఈ జబ్బు మళ్ళీ కనిపించలేదు. ప్లగ్గులో ప్లస్సు, మైనస్సు తారుమారైతే అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది కాబట్టి మీటరు పెట్టి చూడకుండా గుచ్చవద్దు. తీగ కూడా పొడవుగా ఉండాలి. గొట్టం ఒకే వైపు చుట్టూ తిరిగితే పొట్టి తీగ ట్రైపాడు కాళ్ళకు చుట్టుకొని ఊడుతుంది.

ఇక అసలు విషయమైన చుక్కల ఎంపిక. పుస్తకం ధ్రువనక్షత్రాన్ని మెచ్చుకుంటుంది. కావలిలో ధ్రువుడు దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. సముద్రపు తేమ, పొరుగువారి నీళ్ళ ట్యాంకు, రహదారి దీపాలు దాటి అతను కనిపించే రాత్రులు తక్కువ. తీరం వైపు ఊళ్ళలో అయితే రొయ్యల గుంటల దీపాలు కూడా తోడవుతాయి. పుస్తకం చెప్పని రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మనం 15 డిగ్రీల అక్షాంశంలో ఉండటం వల్ల పేరున్న చుక్కలు చాలా వరకు మన నడినెత్తి మీదుగానే పోతాయి. రోహిణి నడినెత్తికి రెండు డిగ్రీల లోపు వస్తుంది, మఖ మూడు డిగ్రీలకు, స్వాతి నాలుగు డిగ్రీలకు, శ్రవణం ఆరు డిగ్రీలకు. నడినెత్తి దగ్గర చుక్క కొద్దిగా జరిగితే చాలు, ఈ రకం మౌంటు దిక్కు మార్చడానికి చాలా దూరం తిరగాలి. అక్కడ వెంట్రుకవాసి తప్పు కింద మూరెడవుతుంది. పైగా గొట్టం నిట్టనిలువుగా నిలిచి ఎర్రచుక్కలోంచి చూడటానికి మెడ కూడా వంగదు. చుక్క ఎంత ప్రకాశవంతమైనదైనా అది 25 నుంచి 65 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే అలైన్‌మెంట్‌కు తీసుకోవాలి. రెండు చుక్కల మధ్య దూరం 60 నుంచి 90 డిగ్రీలుంటే మంచిది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఉత్తరాన బ్రహ్మహృదయం, దక్షిణం వైపు లుబ్ధకుడు నాకు బాగా కుదిరాయి. వాటి మధ్య సుమారు 66 డిగ్రీలు. ఏప్రిల్‌లో తూర్పున చిత్త, పడమట పునర్వసు. వాటి మధ్య 90 డిగ్రీల పైమాట.

పునర్వసు అనగానే సంక్రాంతి రాత్రి చెప్పకుండా ఉండలేను. పండుగకు ఉదయగిరి వైపు ఉన్న అత్తవారి ఊరికి టెలిస్కోపును కారులో పెట్టుకొని వెళ్ళాను. ఆ ఏడాది సంక్రాంతి ఏకాదశి నాడు వచ్చింది, చంద్రుడు తెల్లవారుజాముకు గాని రాడు, ఆకాశం కాటుకలా ఉంది. తేదీ సరిగా ఇచ్చాను, ఊరు, వేళ సరిగా ఇచ్చాను, బ్యాటరీ కొత్తది. మొదటి చుక్కగా కపెల్లా, అంటే బ్రహ్మహృదయం. రెండోదిగా యంత్రం పొలక్స్ అంది. తూర్పున ఆ చోట తెల్లగా, నిశ్చలంగా, అన్నిటికంటే మిన్నగా వెలుగుతున్న దానిని మధ్యకు తెచ్చి మీట నొక్కాను. అలైన్‌మెంట్ సక్సెస్ అని వచ్చింది. ఎంతో సంతోషించాను. ఆ తరువాత అడిగిన ప్రతిదీ తప్పింది. మృగశిర కింద ఉన్న పెద్ద నీహారిక ఎం 42ని అడిగితే వట్టి చీకటి, కృత్తికలను అడిగితే వట్టి చీకటి.

మా మామగారు మంచం మీద కూర్చొని చాలాసేపు చూశారు. పొగాకు రైతు. కార్తెలు, వర్జ్యాలు, రాత్రి నీళ్ళు కట్టేటప్పుడు చూసుకునే చుక్కలు ఆయనకు కంఠతా వచ్చు. చివరికి, “అల్లుడుగారూ, మీరు గురి పెట్టింది చుక్క కాదే, గురుడు. చుక్కయితే మిణుకుమనాల. పునర్వసు ఆ పక్కనున్న జంట” అన్నారు. “అవునా మామయ్యా, మరి యంత్రం సరేనందే” అన్నాను. “దానికేం తెలుసు, మీరు చెప్పిందే కదా దానికి” అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో గురుడు మిథున రాశిలో పొలక్స్‌కు ఏడెనిమిది డిగ్రీల దూరంలో ఉన్నాడు. ఇంటికి వచ్చి లెక్క వేసి చూస్తే ఇంకొక విషయం తేలింది. బ్రహ్మహృదయం నుంచి పొలక్స్ దూరం 34 డిగ్రీలు, అదే బ్రహ్మహృదయం నుంచి ఆనాటి గురుడి దూరం సుమారు 35 డిగ్రీలు. రెండు చుక్కల నడుమ దూరం సరిపోయిందా లేదా అన్నదే యంత్రం చేయగల తనిఖీ. ఆ దూరం దాదాపు సరిపోయింది కనుక అది ఒప్పుకుంది. సక్సెస్ అనే మాటకు అర్థం అంతవరకే. అందుకే ఆ మాట కనిపించాక మూడో చుక్కను ఒకదాన్ని, మొదటి రెండింటికీ దూరంగా ఉన్నదాన్ని అడిగి చూసి, అది ఐపీసులో పడితేనే అలైన్‌మెంట్ కుదిరిందని నేను ఇప్పుడు నమ్ముతాను. ఆ రాత్రి రోహిణిని అడిగి ఉంటే అర నిమిషంలో గుట్టు తెలిసేది.

యంత్రం పేర్లన్నీ అరబ్బీ, గ్రీకు, లాటిన్ పేర్లు. మనకు పంచాంగం పేర్లు తెలుసు. ఈ రెండింటికీ వంతెన వేసుకుంటే సగం కష్టం తీరుతుంది. ఆల్డెబరాన్ రోహిణి, బీటెల్‌జ్యూస్ ఆర్ద్ర, కాస్టర్, పొలక్స్ పునర్వసు జంట, రెగ్యులస్ మఖ, స్పైకా చిత్త, ఆర్క్‌ట్యూరస్ స్వాతి, అంటారెస్ జ్యేష్ఠ, కెనోపస్ అగస్త్యుడు, సిరియస్ లుబ్ధకుడు. నేను వీటిని ఒక అట్టముక్క మీద రాసి రిమోటు వెనుక అంటించాను. కాస్టర్, పొలక్స్‌ల మధ్య నాలుగున్నర డిగ్రీలే కాబట్టి వాటిని తారుమారు చేయడం తేలిక. కొంచెం పసుపు ఛాయతో ఎక్కువ వెలిగేది పొలక్స్. ఇక్కడ పంచాంగం తెలిసినవారు కూడా ఒక చోట పొరబడతారు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటాం. రోహిణి కార్తెలో రోహిణి చుక్క రాత్రి ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అప్పుడు సూర్యుడే ఆ నక్షత్రంలో ఉంటాడు. కార్తె పేరు చూసి ఆ చుక్కను ఎంచుకోకూడదు.

చుక్కను నడిమధ్యకు తేవడంలో ఒక మెళకువ ఉంది. ముందు 25 ఐపీసుతో దగ్గరకు తెచ్చి, తరువాత 9 ఐపీసు వేయాలి. అప్పుడు వృద్ధి 26 రెట్ల నుంచి 72 రెట్లకు పెరుగుతుంది. చిన్న చుక్క మధ్యలో ఉందో లేదో కంటికి తేలదు కనుక ఫోకస్ మరను కావాలని తప్పించాలి. చుక్క ఉబ్బి, నడుమ చిల్లు ఉన్న మినపగారెలా వెలుగు వలయమవుతుంది. ఆ చిల్లు గొట్టంలోని చిన్న అద్దం నీడ. వలయం అంచులు నాలుగు వైపులా ఐపీసు అంచుకు సమదూరంలో ఉండేలా సర్దడం సులభం. ఈ టెలిస్కోపులో దృశ్యం తలకిందులుగా ఉంటుంది కనుక బాణం ఒకటి నొక్కితే చుక్క మరో వైపు పోతున్నట్లు అనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. చివరి రెండు నొక్కులు ఎప్పుడూ పైకి, కుడికి బాణాలతోనే ముగించమని మా పుస్తకంలో ఉంది. ఇది నిజంగా పనికొచ్చే సలహా. పళ్ళ చక్రాల మధ్య ఉండే వదులు ఎప్పుడూ ఒకే వైపుకు ఒత్తుకొని ఉండాలంటే అలా చేయాలి. కింది బాణంతో ముగించిన రాత్రుల్లో ప్రతి వస్తువూ ఐపీసు అంచున పడింది. అలైన్‌మెంట్ అయ్యాక గొట్టాన్ని చేత్తో తోయకూడదన్నది వేరే చెప్పనక్కర లేదు గాని, చూడటానికి వచ్చిన పిల్లలు ఐపీసును పట్టుకొని వేలాడతారు, వారికి ముందే చెప్పాలి.

గురుడు, చంద్రుడు చాలనుకునే రాత్రి ఇంత శ్రమ అక్కర లేదు. గ్రహాన్ని ఒక్కదాన్నే చూపి అలైన్ చేసే పద్ధతి ఉంది. ఆ చుట్టుపక్కల వరకు అది సరిగా వెంబడిస్తుంది. వీధి పిల్లలకు గురుడి నాలుగు చంద్రులను చూపిన సాయంత్రాలన్నీ అలా గడిచినవే.

చూపే బొమ్మ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. 72 రెట్ల వద్ద గురుడి మీద రెండు పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి, చంద్రుడి మీద గుంటల అంచులు పదునుగా ఉంటాయి, కృత్తికలు, అంటే మామగారి పిల్లలకోడి, 25 ఐపీసులో మొత్తంగా ఇముడుతుంది. ట్రైపాడు మాత్రం సన్నం. ఫోకస్ మర తాకిన ప్రతిసారీ బొమ్మ రెండు మూడు క్షణాలు వణుకుతుంది. కాళ్ళు పూర్తిగా లాగకుండా కుర్చీలో కూర్చొని చూస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఇదే డబ్బు పెట్టి మోటారు లేకుండా పీఠం మీద చేత్తో తిప్పుకునే 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ టెలిస్కోపు కొంటే వెలుతురు మూడో వంతు ఎక్కువ దొరుకుతుంది, అలైన్‌మెంట్ అనే మాటే ఉండదు. ఆకాశం చీకటిగా ఉండే పల్లెల్లో, చుక్కలు తెలిసిన పెద్దలున్న ఇంట్లో నేను దాన్నే కొనమంటాను. ఊరి దీపాల మధ్య నాలుగైదు చుక్కలే కనిపించే కావలి, నెల్లూరు, ఒంగోలు డాబాల మీద మాత్రం కంప్యూటరుకు విలువ ఉంది. కంటికి కనిపించని వాటిని వెతికిపెట్టడానికి దానికి రెండు చుక్కలు చాలు.

ఉగాది మరునాటి రాత్రి మళ్ళీ అత్తవారి ఊళ్ళో పదిన్నరకు చిత్తతో, పొలక్స్‌తో అలైన్ చేశాను. ఈసారి మామగారే వేలు పెట్టి పునర్వసు జంటలో పొలక్స్‌ను చూపారు, మీట కూడా ఆయన చేతే నొక్కించాను. మూడో పరీక్షగా మఖను అడిగితే ఐపీసులో దాదాపు నడుమనే పడింది. అర్ధరాత్రి దాటాక ఎన్‌జీసీ 5139 అని ఎక్కించాను. దాన్నే ఒమేగా సెంటారీ అంటారు. దక్షిణాన దిగంతానికి పాతిక డిగ్రీల ఎత్తున, ఈ పుస్తకం రాసిన దేశంలో చాలా చోట్ల ఎన్నడూ ఇంత పైకి రాని నక్షత్ర గుచ్ఛం. మోటారు కాసేపు గుర్రుమని ఆగింది. మామగారిని ముందు చూడమన్నాను. ఆయన కన్ను తీయకుండా, “రవ్వ చల్లినట్టుంది” అన్నారు.